గుజ్జు అరగడం: ఒక మాట, ఒక రోగం, వాటి చరిత్ర

తెలుగులో ‘అరగడం’ అనే మాట రెండు చోట్ల పనిచేస్తుంది. చెప్పు అరుగుతుంది, నాగటి కర్రు అరుగుతుంది, సానమీద గంధపుచెక్క అరుగుతుంది. తిన్న అన్నమూ అరుగుతుంది. మొదటి మూడూ రాపిడి, చివరిది జీర్ణం. మోకాళ్ల నొప్పితో వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల ఆసుపత్రులకు వచ్చే పెద్దవాళ్లు ‘గుజ్జు అరిగింది’ అంటారు. ఎక్స్‌రే చూసిన డాక్టరూ అదే మాట అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఇద్దరి మనసులో మెదిలేది రాపిడే. ఏళ్ల తరబడి నడిచిన కాలు, బండి ఇరుసులాగా, తిరిగి తిరిగి సన్నబడిందన్న ఊహ అది. కీలులో జరిగేదానికి రెండో అర్థమే ఎక్కువ సరిపోతుందని తేలడానికి 20వ శతాబ్దం సగం దాటవలసి వచ్చింది. కడుపులో అన్నం అరిగినట్టే, కీలులోని గుజ్జును కొన్ని ఎంజైములు ముక్కలుగా కోసి కరిగిస్తాయి. ఆ ఎంజైములు బయటినుంచి వచ్చినవి కావు, శరీరం తనంతట తాను తయారుచేసుకున్నవే.

గుజ్జు అని జనం పిలిచే ఆ పదార్థానికి పాఠ్యపుస్తకాల్లో పేరు మృదులాస్థి. మోకీలులో రెండు ఎముకల చివర్లకు 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందాన తెల్లగా, నున్నగా అంటుకొని ఉంటుంది. దాని బరువులో మూడింట రెండువంతులకు పైగా నీళ్లే. ఆ నీళ్లను పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పెద్ద అణువు. సీసాలు కడిగే బ్రష్షులాగా చుట్టూ చక్కెర గొలుసులతో ఉండి, నీటిని పీల్చుకొని ఉబ్బాలని చూస్తుంది. ఉబ్బిపోకుండా బిగించి కట్టే తాళ్లు కొల్లాజెన్ పోగులు. ఉబ్బే అగ్రికాన్, బిగించే కొల్లాజెన్, ఈ రెంటి పెనుగులాటలోంచే బరువు మోసే బలం పుడుతుంది. మంచంలో నులక బిగువుగా ఉన్నంతకాలమే పరుపు నిలిచినట్టు, కొల్లాజెన్ ఉన్నంతవరకే గుజ్జు నిలుస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే అది కరగడం మొదలైనప్పుడు మనిషికి తెలియదు. తెలిసేసరికి చాలా భాగం పోయి ఉంటుంది.

ఈ నొప్పికి మన దేశంలో పెట్టిన పేర్లు పాతవి. చరకసంహిత వాతవ్యాధుల మధ్య సంధుల్లో చేరిన వాతాన్ని చెప్పింది; తాకితే గాలి నిండిన తిత్తిలా ఉండే వాపు, కాలు చాపినా ముడిచినా నొప్పి దాని గుర్తులు. తర్వాతి కాలంలో, వేములవాడ చాళుక్యుల తొలిరోజులకు కాస్త అటూ ఇటూగా, మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ఆమవాతానికి విడిగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆమం అంటే అరగనిది. జఠరాగ్ని మందగించి, తిన్నది సరిగా అరగక మిగిలిన మడ్డి వాతంతో కలిసి కీళ్లలో చేరుతుందని ఆ వైద్యుల లెక్క. అందుకే దానికి మొదటి మందు ఆముదం, అంటే కడుపు కడిగే మందు. ఆ కారణం ఈనాటి శాస్త్రానికి నిలవలేదు. అయినా కీళ్ల రోగాన్ని అరుగుదలతో ముడిపెట్టి ఆలోచించిన పాత ప్రయత్నం అది. అంతకన్నా ముఖ్యం, వయసుతో వచ్చే సంధివాతం వేరు, ఒళ్లంతా జ్వరంతో, బిగుసుకుపోవడంతో వచ్చే ఆమవాతం వేరు అని విడదీయడం. ఐరోపాలో ఆ విడదీత ఆలస్యమైంది. 1800లో ఫ్రెంచి వైద్యుడు లాండ్రే-బోవే వర్ణన, 1859లో ఇంగ్లండులో గారోడ్ పెట్టిన ‘రుమటాయిడ్ ఆర్థరైటిస్’ అనే పేరు, వీటితోనే అక్కడ ఆ రోగానికి వేరు ఉనికి వచ్చింది.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో గ్రంథాలకన్నా చేతివైద్యం నడిచింది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం, వెచ్చచేసిన ఆముదపాకు గానీ జిల్లేడాకు గానీ నూనె రాసి కట్టడం, ఉప్పుమూట కాపడం ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసాన్ని మోకాలి చుట్టూ చుక్కలుగా పెట్టడమూ ఉండేది. ఆ రసం చర్మాన్ని పొక్కిస్తుంది, పుండూ చేస్తుంది. లోపలి నొప్పిని పైమంట మరిపించిందేమో గానీ, గుజ్జుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. కాపడం సంగతి వేరు, బిగుసుకున్న కండరానికి వేడి నిజంగానే సుఖం ఇస్తుంది.

ఈ ప్రాంతపు బతుకుదెరువులు మోకాళ్ల మీద నడిచినవే. ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల తునికాకు బీడీల పరిశ్రమను తెచ్చింది. చాట ఒడిలో పెట్టుకొని, కాళ్లు మడిచి, రోజుకు ఎన్నో గంటలు కదలకుండా కూర్చొని బీడీలు చుట్టే పని దాదాపు పూర్తిగా ఆడవాళ్లదే. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య రాత్రీ పగలూ నిలబడే పని మగవాళ్లది. నాట్ల కాలంలో బురదలో నడుము వంచడం, ఇంట్లో బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, బావి దగ్గర గొంతుక్కూర్చోవడం వీటికి తోడు. బీజింగ్‌లో 60 ఏళ్లు దాటినవాళ్ల మీద జరిగిన ఒక సర్వే ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. పాతికేళ్ల వయసులో రోజూ ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవాళ్లలో మోకీళ్ల అరుగుదల ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. బరువు, వంపు, పాత దెబ్బలు కీలుకు హాని చేస్తాయన్నది నిజమే. కానీ ఆ ఒత్తిడి నేరుగా గుజ్జును గీకి పారెయ్యదు. మృదులాస్థి లోపల విడివిడిగా నివసించే కణాలు ఒత్తిడిని పసిగట్టి ఎంజైములను విడుదల చేస్తాయి. కోతపని వాటిది. రాపిడి అర్థం, జీర్ణపు అర్థం ఇక్కడ కలుసుకుంటాయి.

ఈ సంగతి బయటపడిన దారి పొడవైనది. 1743లో లండన్ శరీరశాస్త్రవేత్త విలియం హంటర్ కీళ్ల మృదులాస్థి నిర్మాణం మీద రాసిన వ్యాసంలో, అది ఒకసారి చెడితే మళ్లీ బాగుపడదని వైద్యులందరికీ తెలిసిన విషయంగా చెప్పాడు. తర్వాత 200 ఏళ్లపాటు ఆ మాటే నిలిచింది. బాగుపడనిది, జీవం లేనిది, కాబట్టి రాయిలాగా అరుగుతుంది అని ఊహించడం తేలికైంది.

ఆ ఊహను కదిలించింది బొప్పాయి. ముదురు వేటమాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేయడం తెలుగు వంటిళ్లకు తెలిసిన కిటుకు. కబాబుకు మాంసం నానబెట్టే హైదరాబాదీ వంటవాళ్లకైతే అది లేనిదే పని జరగదు. పచ్చికాయ పాలలోని పపైన్ అనే ఎంజైము మాంసపు ప్రొటీన్లను కోసి మెత్తబరుస్తుంది. అమెరికన్ వైద్యుడు లూయిస్ థామస్ వేరే పనిలో ఉండగా, పపైన్‌ను కుందేళ్ల రక్తంలోకి ఎక్కించాడు. నిటారుగా ఉండే చెవులు ఒక రోజు తిరిగేసరికి తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. కొద్ది రోజుల్లో మళ్లీ లేచి నిలబడ్డాయి. ఎందుకో అంతుపట్టక ఆయన దాన్ని కొన్నేళ్లు పక్కన పెట్టాడు. తిరిగి చేపట్టి, చెవుల్లోని మృదులాస్థిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. కణాలు బతికే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్న పదార్థం మాత్రం కరిగిపోయింది. 1956లో ఆ ఫలితం అచ్చయింది. మృదులాస్థిని ఎంజైము కరిగించగలదనీ, కణం బతికి ఉంటే పోయిన పదార్థాన్ని మళ్లీ నింపుకోగలదనీ ఆ చెవులు చూపించాయి. హంటర్ మాటకు అది మొదటి సవరణ.

అదే కాలంలో కేంబ్రిడ్జ్‌లోని స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలలో హోనర్ ఫెల్ కోడిపిల్ల పిండపు ఎముకలను గాజుపాత్రల్లో పెంచుతోంది. ఎడ్వర్డ్ మెల్లన్‌బీతో కలిసి ఆమె ఆ పాత్రల్లో విటమిన్ ఎ ఎక్కువగా వేసి చూసింది. మృదులాస్థి తనంతట తానే కరిగిపోయింది. అక్కడ బొప్పాయి లేదు, బయటి ఎంజైము ఏదీ లేదు. అంటే కత్తి లోపలే ఉండాలి.

ఆ కత్తిని పట్టుకున్న సన్నివేశం వైద్యశాస్త్రంలోని అందమైన ప్రయోగాల్లో ఒకటి. చెరువులో తోకతో ఈదే కప్పపిల్ల కప్పగా మారేటప్పుడు దాని తోక రాలిపోదు, శరీరంలోకే కరిగిపోతుంది. తోక నిండా కొల్లాజెనే. శరీరపు వేడిలో, ఆమ్లం లేకుండా, సహజ కొల్లాజెన్‌ను కోయగల ఎంజైము జంతువుల్లో ఉన్నట్టు అప్పటికి ఎవరూ చూపలేదు. బోస్టన్‌లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ తోక ముక్కను కొల్లాజెన్ జిగురు పొర మీద పెట్టి వెచ్చగా ఉంచారు. ముక్క చుట్టూ జిగురు కరిగి గుండ్రటి ఖాళీ ఏర్పడింది. 1962లో ప్రకటించిన ఆ ఎంజైము పేరు కొల్లాజినేజ్. అది మూడు పేటల కొల్లాజెన్ పోగును ఎక్కడ పడితే అక్కడ కొరకదు. పొడవులో నాలుగింట మూడువంతుల దగ్గర ఒక్కచోటే కోస్తుంది. ఆ ఒక్క కోత పడ్డాక శరీరపు వేడికే పేటలు విడిపోతాయి, మిగిలిన పని మామూలు ఎంజైములు ముగిస్తాయి. 1967లో ఎవాన్సన్, జెఫ్రీ, క్రేన్ అనే ముగ్గురు రుమటాయిడ్ రోగుల కీలు పొరను పాత్రలో పెంచి, అందులోంచి మనిషి కొల్లాజినేజ్‌ను తీశారు. కప్పపిల్ల తోకను మింగిన పనిముట్టే మనిషి కీలులోనూ ఉంది. ఆ తోకకు అది ఎదుగుదల, కీలుకు వినాశనం.

తర్వాతి 30 ఏళ్లలో ఈ ఎంజైముల కుటుంబం పెరిగింది. వాటన్నిటికీ మధ్యలో ఒక జింకు పరమాణువు ఉంటుంది, కోతకు అదే పదును. వీటిలో కొల్లాజినేజ్-3 అనేది మృదులాస్థిలోని ప్రత్యేక రకం కొల్లాజెన్‌ను మిగతావాటికన్నా బాగా కోస్తుందని తేలింది. మొదట దాన్ని 1994లో రొమ్ము క్యాన్సర్ కణజాలంలో కనుక్కున్నారు. అగ్రికాన్‌ను కోసేది వేరే కత్తి అన్న అనుమానం 1990ల మొదట్లోనే వచ్చింది. రోగుల కీలు నీటిలో దొరికిన ముక్కలు తెలిసిన ఏ ఎంజైమూ కోయని చోట తెగి ఉన్నాయి. 1999లో అగ్రికనేజ్‌లు రెండు దొరికాయి. వాటిలో ఒకటి లేకుండా పుట్టించిన ఎలుకల్లో కీలుకు దెబ్బ తగిలించినా గుజ్జు చాలావరకు నిలిచిందని 2005లో రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి.

కోత జరిగే వరసలోనే అసలు గుట్టు ఉంది. ముందు పోయేది అగ్రికాన్. అంతవరకు నష్టం పూడ్చుకోదగ్గదే. థామస్ కుందేళ్ల చెవులు మళ్లీ లేచింది, కొల్లాజెన్ చట్రం చెక్కుచెదరకుండా మిగలడం వల్లనే. తర్వాత ఆ చట్రం తెగుతుంది. దాన్ని శరీరం మళ్లీ అల్లుకోలేదు. అణుబాంబు పరీక్షల కాలంలో గాలిలో పెరిగిన కార్బన్-14ను కొలమానంగా వాడి 2016లో చేసిన ఒక పరిశోధన, మోకీలులోని కొల్లాజెన్ ఎదిగే వయసులో తయారై, పెద్దయ్యాక దాదాపు మారదని చూపింది. ముప్పై ఏళ్ల మనిషి మోకీలులో ఉన్నది పదిహేనేళ్లప్పుడు అల్లుకున్న నులకే. తెగితే కొత్తది రాదు. హంటర్ మాట ఈ మేరకు ఇప్పటికీ నిజం.

ఎంజైములను తయారు చేయమని ఆజ్ఞ ఇచ్చేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు మళ్లీ ఫెల్ ప్రయోగశాల నుంచే మొదలైంది. 1977లో ఆమె, జబ్ కలిసి పంది కీలు పొరను మృదులాస్థి పక్కన, తాకకుండా, పాత్రలో ఉంచారు. పొర నుంచి వచ్చిన ఏదో సందేశం అందగానే మృదులాస్థి కణాలు తమ చుట్టూ ఉన్న పదార్థాన్ని తామే తినడం మొదలుపెట్టాయి. కణాలను చంపి చూస్తే ఆ నష్టం చాలావరకు జరగలేదు. ఆ సందేశానికి మొదట క్యాటబొలిన్ అని పేరు పెట్టారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 అని 1980లలో తేలింది. టీఎన్ఎఫ్ అనే మరో సందేశకం కూడా అదే పని చేస్తుందని 1986లో బయటపడింది. రుమటాయిడ్ రోగంలో శరీరపు రక్షణ వ్యవస్థ తప్పుదారి పట్టి, వాచిన పొరనుంచి ఈ ఆజ్ఞలను ఆగకుండా పంపుతుంది. వయసుతో వచ్చే అరుగుదలలో ఆజ్ఞ సన్నగా, నెమ్మదిగా, చాలావరకు మృదులాస్థి కణాల నుంచే వస్తుంది. రెండు రోగాల దారులు వేరైనా, చివర పడే కోత ఒకటే.

ఈ కథలో తెలుగువాళ్ల పేరు ఒకటి ఉంది, కీళ్ల రోగం పేరుతో ఆయనను ఎవరూ తలచుకోకపోవడం బాధాకరం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, 1923లో బోస్టన్ చేరాడు. ఆమవాతాన్ని, జఠరాగ్నిని చదివిన తరాల మధ్య మెలిగినవాడు కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీని ఫిస్కేతో కలిసి వెలికితీశాడు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థలో చేరాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌నూ తెచ్చింది. పిల్లల రక్తక్యాన్సర్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో సాధించిన ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు చనిపోయాడు.

1951లో గబ్నర్ అనే వైద్యుడు రుమటాయిడ్ రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి, వాపు తగ్గడం గమనించాడు. కానీ అది కార్టిజోన్ రోజులు. 1948లో హెంచ్ ఆ మందుతో మంచాన పడ్డవాళ్లను లేపి నడిపించాడు, 1950లో నోబెల్ అందుకున్నాడు. ఆ వెలుగులో గబ్నర్ మాట ఎవరికీ వినపడలేదు. కార్టిజోన్ ఎక్కువకాలం వాడితే జరిగే కీడు అనుభవానికి వచ్చాక, 1985లో అచ్చయిన పరీక్షలు మెథోట్రెక్సేట్ పనిని నిలబెట్టాయి. 1988లో అమెరికా దాన్ని ఈ రోగానికి ఆమోదించింది. నేడు రుమటాయిడ్ రోగికి ప్రపంచమంతా మొదట రాసే మందు ఇదే. ఇది ఎంజైమును నేరుగా ఆపదు. పొరలో వాపును అణచి, ఆజ్ఞల జోరు తగ్గిస్తుంది, దాంతో కోత నెమ్మదిస్తుంది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి పక్కన ఇచ్చే మాత్ర ఫోలిక్ ఆమ్లం. రోగాన్ని అణచేదీ, రోగిని కాచేదీ ఒకే తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చాయి.

ఆ ప్రయోగశాల నుంచి ఇంకో దారి కూడా కీలు వైపు వచ్చింది. సుబ్బారావు పరిశోధన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబానికి మొదటిది. 1983లో లోర్న్ గోలబ్, టెట్రాసైక్లిన్లు సూక్ష్మజీవులతో సంబంధం లేకుండానే కొల్లాజినేజ్‌ను అణచగలవని చూపాడు. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను, సూక్ష్మజీవులను చంపలేనంత తక్కువ మోతాదులో, 1998లో అమెరికా చిగుళ్ల రోగానికి ఆమోదించింది. డాక్సీసైక్లిన్‌ను మోకీళ్ల అరుగుదలకూ పరీక్షించారు. 431 మంది స్థూలకాయపు ఆడవాళ్ల మీద 30 నెలలు నడిచిన ఆ పరీక్ష 2005లో ఫలితం చెప్పింది. ఎక్స్‌రేలో కీలు సందు సన్నబడడం కొంత తగ్గింది, నొప్పి మాత్రం తగ్గలేదు. మందు వాడుకలోకి రాలేదు.

ఎంజైములను నేరుగా ఆపాలన్న మిగతా ప్రయత్నాలదీ అదే దారి. 1990లలో క్యాన్సర్ కోసం తయారైన మారిమస్టాట్ ఆ కుటుంబాన్నంతా ఒకేసారి ఆపింది. రోగులకు భుజాలు, కీళ్లు బిగుసుకుపోయి నొప్పి పట్టింది. ఈ ఎంజైములు శరీరానికి రోజువారీ మరమ్మతులకూ కావాలి మరి. అగ్రికనేజ్ ఒక్కదాన్నే ఆపే మందును 932 మందిలో పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితంలో, మృదులాస్థి తరిగే వేగం తగ్గలేదు. రుమటాయిడ్ రోగానికి ఆజ్ఞను ఆపే మందులు దొరికాయి. మెథోట్రెక్సేట్ తర్వాత, 1992లో లండన్‌లో మైని, ఫెల్డ్‌మన్ మొదలుపెట్టిన టీఎన్ఎఫ్‌ను ఆపే చికిత్స వాటిలో పెద్దది. వయసుతో వచ్చే అరుగుదలకు అటువంటి మందు ఇంకా లేదు. దానికి ఉన్నది బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, నొప్పి మాత్రలు, చివరకు కీలు మార్పిడి. ఒకప్పుడు హైదరాబాద్ పోతే తప్ప దొరకని మోకీలు మార్పిడి ఇటీవలి ఏళ్లలో వేములవాడ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలోనే జరుగుతోంది. వేములవాడ దేవుడు రాజన్నకు కోడె మొక్కు చెల్లించి గుడి చుట్టూ తిరగలేక కూలబడే ముసలివాళ్లకు ఇది చిన్న మేలు కాదు.

రెండు రోగాలకూ ఒకే పేరుతో ‘గుజ్జు అరిగింది, వయసుతో మామూలే’ అనుకోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. పొద్దున లేవగానే గంటకు పైగా వేళ్లు, మణికట్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల్లోనూ ఒకే కీళ్లు వాచడం, అది ఆరు వారాలు దాటడం రుమటాయిడ్ లక్షణాలు. అవి ముప్పై ఏళ్ల బీడీ కార్మికురాలికీ రావచ్చు. చట్రం తెగకముందు కొన్ని నెలల వ్యవధి మాత్రమే చేతిలో ఉంటుంది. ఆ గుర్తులు కనిపిస్తే కాపడాలతో కాలం గడపకుండా కీళ్లవాతం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మెథోట్రెక్సేట్ రాస్తే ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.